ఇసుక నేర్పే స్వారీ: మోటోక్రాస్‌లో బెల్జియం బాణీ

మోటోక్రాస్ అంటే మట్టి, ఇసుక, దిబ్బలు, గాడులు పడిన మలుపులు ఉన్న చుట్టుదారిలో తేలికపాటి మోటార్‌సైకిళ్లపై అందరూ ఒకేసారి బయలుదేరి చేసే పందెం. 1924లో ఇంగ్లండులోని సర్రే ప్రాంతంలో, క్యాంబర్లీ దగ్గరి బీడు భూముల్లో జరిగిన పోటీని దీనికి తొలిరూపంగా లెక్కిస్తారు. ఆట పుట్టింది అక్కడే అయినా, దానికి ఒక సాధన పద్ధతి ఏర్పడటంలో బెల్జియం పాత్ర చాలా పెద్దది. 1957లో ప్రపంచ చాంపియన్‌షిప్ మొదలైన తరువాత ఆ చిన్న దేశం నుంచి జోయెల్ రొబేర్ ఆరుసార్లు, రోజర్ డి కోస్టర్ ఐదుసార్లు, స్టెఫాన్ ఎవర్ట్స్ పదిసార్లు ప్రపంచ విజేతలయ్యారు. ఈ పరంపరను పుట్టుకతో వచ్చిన ప్రతిభగా భావించి పక్కన పెట్టడం సరికాదు. దాని వెనుక ఉన్న పద్ధతిలో చాలాభాగం వారాంతాల్లో మాత్రమే బండి ఎక్కే ఔత్సాహికులు కూడా అలవరచుకోగలిగినదే.

ఆ సాధనకు పేరుపడిన చోటు బెల్జియం ఈశాన్య భాగంలోని లోమెల్. అక్కడి నేల లోతైన ఇసుక. ఉదయం చదును చేసిన దారి బండ్లు తిరిగేకొద్దీ తవ్వుకుపోయి, కొన్ని గంటల్లోనే ఒకదాని వెంట ఒకటిగా గుంతలూ మిట్టలూ లేచి, ముందటి చుట్టులో బాగున్న చోటు తరువాతి చుట్టుకు పనికిరాకుండా పోతుంది. ఇసుకలో యాక్సిలరేటర్‌ను ఒక్కసారిగా వదిలేస్తే బరువంతా ముందుకు ఒరిగి ముందు చక్రం కూరుకుపోతుంది, హ్యాండిల్ పక్కకు మెలి తిరుగుతుంది. అంటే కొత్తవారు భయంతో సహజంగా చేసే పనే వారిని పడేస్తుంది. అందువల్ల నడుమును కాస్త వెనక్కి జరిపి, ఇంజను లాగుడు తెగకుండా చూసుకుంటూ, ముందు చక్రం తేలికగా ఉండేలా నడపడం అక్కడ మొదటి పాఠమవుతుంది. గట్టి నేల మీద కప్పిపుచ్చుకోగలిగిన తప్పులు ఇసుకలో వెంటనే బయటపడతాయి కనుకనే ఇతర దేశాల రైడర్లు కూడా అక్కడికి వచ్చి సాధన చేస్తారు.

ఈ బాణీకి ఆయువుపట్టు నిలబడి నడపడం. ఎవర్ట్స్ మలుపుల్లో సైతం వీలైనంత సేపు నిలబడే ఉండేవాడు. చూసేవారికి నెమ్మదిగా వెళుతున్నట్టు కనిపించేది, గడియారం మాత్రం వేరే లెక్క చెప్పేది. పాదం మధ్యభాగం కాక, మునివేళ్ల వెనుక ఉండే ఎత్తైన భాగం ఫుట్‌రెస్ట్ మీద ఆనాలి, మోకాళ్లు బండిని రెండు వైపులా ఒడిసిపట్టాలి, మోచేతులు పైకి, బయటికి తెరుచుకోవాలి, తల హ్యాండిల్‌కు పైన ఉండాలి. అప్పుడు గతుకు దెబ్బను మోకాళ్లూ చీలమండలూ మింగేస్తాయి, బండి కింద ఎగిరిపడుతున్నా నడుము పైభాగం దాదాపు కదలదు.

ఔత్సాహికుల్లో ఎక్కువమందిని వేధించే ఆర్మ్ పంప్‌కు ఒక ముఖ్య కారణం కూడా ఈ భంగిమ లోపంలోనే దొరుకుతుంది. ముంజేతి కండరాలు రక్తంతో ఉబ్బి, వాటిని చుట్టి ఉన్న పొర సాగక, లోపలి ఒత్తిడి పెరిగి, వేళ్లు బ్రేకునూ క్లచ్‌నూ సరిగా నొక్కలేని స్థితికి రావడమే ఆర్మ్ పంప్. చేతుల బలం పెంచుకుంటే ఇది తగ్గుతుందని చాలామంది నమ్ముతారు కానీ, మోకాళ్లు బండిని వదిలేసినప్పుడు పడిపోకుండా ఉండే భారమంతా పిడికిళ్లపై పడుతుంది కనుక ముందు సరిచూసుకోవలసినవి కాళ్లే.

మలుపు విషయంలో క్రమం తప్పితే మిగిలిన నైపుణ్యమేదీ పనికిరాదు. నిలబడి ఉండగానే బ్రేకు వేయడం ముగించాలి. తరువాత సీటు ముందుభాగంలోకి జారి కూర్చుని, లోపలి కాలును ముందు చక్రం వైపు చాపి, బయటి వైపు ఫుట్‌రెస్ట్‌పై బరువు మోపాలి. బండి లోపలికి వాలుతుంటే శరీరం దానికి కాస్త పైగా నిటారుగా ఉండాలి, చూపు మలుపు చివరికి ముందే చేరాలి. కళ్లు ముందు చక్రం దగ్గరి గాడినే చూస్తుంటే బండి ఆ గాడి గోడలకు తగులుతూ తడబడుతుంది. దీనికి పెద్ద ట్రాక్ అవసరం లేదు. ఖాళీ స్థలంలో రెండు పాత టైర్లు పెట్టి వాటి చుట్టూ ఎనిమిది అంకె ఆకారంలో, గేరు మార్చకుండా, క్లచ్‌పై ఒక్క వేలే ఉంచి తిరగడం ఎవరైనా చేయగల సాధన.

దిబ్బల మీది నుంచి ఎగరడం చూడ్డానికి ఆకర్షణీయమే గానీ నేర్చుకునే వరుసలో అది వెనుక రావాలి. గాలిలో ఉండగా యాక్సిలరేటర్ తిప్పితే వెనుక చక్రం వేగం పెరిగి, దాని ప్రతిచర్యగా బండి ముక్కు పైకి లేస్తుంది. క్లచ్ పట్టి వెనుక బ్రేకు నొక్కితే ముక్కు దిగుతుంది. ఇది చేతికి అలవాటయ్యే వరకు రెండు దిబ్బలను ఒకే ఎగురుతో దాటే ప్రయత్నం చేయకపోవడమే మంచిది.

బండిని మనిషికి తగ్గట్టు అమర్చుకోవడం ఖర్చు లేని మెరుగుదల. పూర్తి రక్షణ దుస్తులతో రైడర్ ఎక్కినప్పుడు వెనుక సస్పెన్షన్ ఎంత దిగుతుందో కొలవాలి. పెద్దల బండ్లకు ఇది సుమారు 100 మిల్లీమీటర్లు ఉండటం పరిపాటి. దిగుడు మరీ తక్కువైతే వెనుక భాగం ఎత్తుగా నిలిచి ముందు చక్రం వణుకుతుంది, ఎక్కువైతే ముందు భాగం తేలికై మలుపులో బండి బయటికి జారుతుంది. పలుచోట్ల రైడర్లు ఈ కొలత తీసుకోకుండానే కొత్త విడిభాగాలకు డబ్బు పోస్తుండటం విచారకరం.

సాధన చేసే తీరులో కూడా బెల్జియం బాణీకి ఒక నియమం ఉంది: చెడిపోయిన దారిని తప్పించుకోకపోవడం. ఔత్సాహికులు ఉదయపు చదును దారిలో నాలుగు చుట్లు వేగంగా తిరిగి, గతుకులు పడగానే బండి ఆపేస్తారు. అసలు చదువు మొదలయ్యేది అప్పుడే. ఒక్కో విడతకు ఒక్క విషయాన్నే, ఉదాహరణకు మోకాళ్ల పట్టునో చూపునో పెట్టుకుని, పూర్తి వేగానికి బాగా తక్కువలో తిరగడం మేలు. పసుపు జెండా ఊపితే ముందు ఎవరో పడ్డారని అర్థం, అక్కడ ఎగరకూడదు, ఎవరినీ దాటకూడదు. తలకు దెబ్బ తగిలిన రోజు తిరిగి బండి ఎక్కకూడదు. ఈ రెండింటిలో మినహాయింపులకు తావు లేదు.

ఈ విద్య ట్రాక్ దాటి కూడా పనికొస్తుందనడానికి గాస్తోన్ రాహియే జీవితం సాక్ష్యం. 1975 నుంచి వరుసగా మూడేళ్లు 125 సీసీ ప్రపంచ మోటోక్రాస్ విజేత అయిన ఈ పొట్టి బెల్జియన్, తనకు అందనంత ఎత్తు, బరువు ఉన్న బండిపై 1984, 1985 సంవత్సరాల్లో ప్యారిస్-డకార్ ఎడారి ర్యాలీని గెలిచాడు. మోటోక్రాస్, సూపర్‌క్రాస్ పోటీల్లో ఆరితేరి వచ్చిన బెంగళూరు రైడర్ సి.ఎస్. సంతోష్ 2015లో అదే డకార్ ర్యాలీని 36వ స్థానంలో పూర్తిచేసి, ఆ ఘనత సాధించిన తొలి భారతీయుడయ్యాడు.