ఆట ఆమెది, పేరు డీజేది

పాటను విమర్శించేటప్పుడు మనవాళ్లు సాహిత్యం చూస్తారు, బాణీ చూస్తారు, గొంతు చూస్తారు. ఆ పాట ఎక్కడ మోగింది, ఎవరు ఆడితే నిలబడింది అని మాత్రం అడగరు. అమెరికాలోని అట్లాంటా నగరంలో నల్లజాతి స్త్రీలు బట్టలు విప్పుతూ ఆడే స్ట్రిప్ క్లబ్బుల సంగీతం మీద వచ్చిన రాతల్లోనూ ఇదే లోపం.

ఈ క్లబ్బుల్లో పేరుమోసింది మ్యాజిక్ సిటీ. 1985లో మొదలైంది. కొత్త ర్యాప్ పాట కట్టినవాళ్లు రేడియో దాకా పోకముందే దాన్ని ఇక్కడి డీజే చేతికివ్వడం రివాజయింది. ఇక్కడ ఆడితే ఊరంతా ఆడుతుందని లెక్క. ఒక స్ట్రిప్ క్లబ్బు సంగీత పరిశ్రమనే నడుపుతోందంటూ 2015లో జీక్యూ పత్రిక పెద్ద కథనం వేసింది. ఫ్యూచర్ అనే ర్యాపర్ ఎదుగుదల గురించి చెప్పేటప్పుడు ఇదే క్లబ్బులో పనిచేసిన డీజే ఎస్కో పేరు వస్తుంది. రావాల్సిందే. మరి ఆ పాటలకు ఆడినవాళ్ల పేర్లు?

డీజే పనితనం తక్కువది కాదు. మైకులో పేరు పిలిచి ఆమెను వేదిక మీదికి రప్పించేది అతనే. ఏ పాట వెనక ఏ పాట పెట్టాలో, ఎప్పుడు వేగం తగ్గించాలో, ఎవర్ని పొగిడితే జేబులో చెయ్యి పెడతాడో అతనికి తెలుసు. 'ట్రాప్' అనే ఈ సంగీతంలో అడుగున 808 డ్రమ్ మెషీన్ మోత బరువుగా, నిదానంగా సాగుతుంది. పైన తాళం చిటపటమంటూ రెట్టింపు వడిలో ఉరుకుతుంది. ఆడే మనిషి నడుముతో కింది మోతను పట్టుకోవచ్చు, పాదంతో పై వడిని అందుకోవచ్చు. చెవి కంటే ముందు ఛాతీకి తగిలే ఆ మోతే గదిలో వాళ్లందర్నీ ఒక్క ఊపులోకి తెస్తుంది.

అయితే పాట నిలిచిందో లేదో డీజేకి ఎట్లా తెలుస్తుంది? ఆమెను చూసి. ఆమె ఒళ్లు పాటను పట్టుకుంటే నోట్లు పడతాయి, పట్టకపోతే పడవు. అంటే ఆ పాటకు మొదటి విమర్శకురాలు ఆమె. కంపెనీలు డబ్బిచ్చి చేయించుకోవాల్సిన పరీక్షను ఆమె ఊరికే చేసిపెడుతోంది. ఊరికే కూడా కాదు, ఎదురు డబ్బిచ్చి! ఆడనిచ్చినందుకు క్లబ్బుకు ఫీజు, వచ్చిన దాంట్లోంచి డీజేకు వాటా కట్టడం ఈ వ్యాపారంలో మామూలు. జీతం ఉండదు. కాగితం మీద ఆమె 'స్వతంత్ర కాంట్రాక్టరు' గదా! అట్లాంటాలోనే ఓనిక్స్ క్లబ్బులో ఆడే స్త్రీలు కోర్టుకెక్కితే, వీళ్లు ఉద్యోగులేనని 2011లో ఫెడరల్ న్యాయస్థానం తేల్చింది. సంగీత విమర్శ చూడని శ్రమను కార్మిక చట్టం చూసింది.

నోట్ల వాన కురిసేది ఆమె మీదే గదా అంటారు. నిజమే, కొన్ని రాత్రులు బాగానే కురుస్తుంది. వాన వెలిశాక మిగిలేది పాట. దాని మీద రాయల్టీ రాసినవాడికి, కంపెనీకి ఏళ్ల తరబడి వస్తుంది. ఆమెకు ఆ ఒక్క రాత్రే.

"అది బూతు, దానికి విమర్శేంటి" అనేవాళ్లూ ఉంటారు. ఈ మాట మనకు కొత్త కాదు. 2005లో మహారాష్ట్ర ప్రభుత్వం నీతి పేరు చెప్పి డాన్స్ బార్లలో ఆటను నిషేధించింది. మూడు నక్షత్రాలు, ఆపై హోటళ్లకు మాత్రం మినహాయింపు! అదే సినిమా పాట, అదే ఆట. డబ్బున్నవాడు చూస్తే కళ, లేనివాడు చూస్తే బూతు. ఆ బార్లలో ఆడినవాళ్లలో ఆటపాటల్ని కులవృత్తిగా అంటగట్టిన బేడియా, నట్ వంటి కులాల ఆడవాళ్లు ఎందరో. ఈ నిషేధం చెల్లదని 2006లో బొంబాయి హైకోర్టు, 2013లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

జాతినీ కులాన్నీ ఒకే గాటన కట్టడం లేదు. కానీ ఆటను అనుభవిస్తూనే ఆడినామెను లెక్కలోంచి తీసేసే తీరు రెండు చోట్లా ఒకటే. డప్పు మోగందే జాతర కదలదనీ, డప్పు కొట్టినోణ్ణి మాత్రం ఊరి బయటే ఉంచారనీ తెలిసినవాళ్లం మనం. పాట గురించి రాసే ప్రతిసారీ రెండు ప్రశ్నలు వెయ్యాలి: ఎవరు ఆడితే ఇది నిలబడింది? ఆడినామెకు ఏం దక్కింది?