ఎరుపు వేరు, కారం వేరు: పెరటి మిరపపై వినవచ్చే మాటల విమర్శ

మేళ్లచెరువులో మహాశివరాత్రి జాతర జరిగే రోజులు మిరప పండి ఎండే రోజులు కూడా. 2016 వరకు నల్లగొండ జిల్లాలోను, ఆ తరువాత సూర్యాపేట జిల్లాలోను చేరిన ఈ గ్రామం కృష్ణానదికి దగ్గరలోనే ఉన్నది. ఇటువంటి ఊళ్లలో పొలంలేని వారు సైతం పెరట్లో వాడుకనీరు పారేచోట నాలుగు మిరప మొక్కలు వేసుకొంటారు. ఆ మొక్కలను గురించి తరతరాలుగా వినవచ్చే మాట ఒకటున్నది: కాయ ఎంత ఎర్రనైతే అంత కారం. పాఠశాల తోటపని పాఠాలలోను, పత్రికల సలహాలలోను ఇదే భావం మరొక రూపంలో కనిపిస్తుంది. ఇది ఎంతవరకు నిజమో పరిశీలించడం అవసరం.

మిరప మన దేశపు మొక్క కాదు. దాని పుట్టినిల్లు అమెరికా ఖండం. పదహారవ శతాబ్దంలో పోర్చుగీసువారి ఓడలలో అది భారతదేశానికి చేరినది. అంతకు పూర్వం మన వంటలకు కారం మిరియాలదే. క్రొత్తగా వచ్చిన కాయకు పాత మిరియాన్ని పోలిన పేరే దక్కినది.

మిరపలోని కారానికి మూలమైన ప్రధాన పదార్థం పేరు కాప్సైసిన్. అది గింజలో పుట్టదు. గింజలను అంటిపెట్టుకొని ఉండే తెల్లని లోపలి భాగంలో పుడుతుంది. గింజకు అంటిన కారం అక్కడి నుండి వచ్చినదే. పూత నిలిచిన ఇరవై రోజుల ప్రాంతంలో దీని తయారీ మొదలవుతుంది. అనేక రకాలలో కాయ పూర్తిగా ఎదిగి రంగు తిరిగే వేళకే కారం చాలావరకు చేరి ఉంటుంది. బాగా పండిన పిమ్మట కొన్ని రకాలలో అది కొంత తగ్గుతుంది కూడా.

ఎరుపు సంగతి వేరు. పచ్చికాయలో పత్రహరితం నిండి ఉంటుంది. పండే సమయంలో ఆ పత్రహరితం విచ్ఛిన్నమై, దానిని మోసిన కణభాగాలలోనే కాప్సాంథిన్, కాప్సోరుబిన్ అనే ఎర్రని వర్ణకాలు ఏర్పడతాయి. ఇది కాయ గోడలో జరిగే పని. కారం తయారయ్యేది లోపలి తెల్లని భాగంలో. చోటు వేరు, కాలం వేరు, రసాయనం వేరు. రెండింటికీ కాయ ఒకటే.

దీనికి నిదర్శనాలు దూరం పోయి వెదకనక్కరలేదు. బెంగుళూరు మిరప పండితే నిండు ఎరుపు వస్తుంది. కారం మాత్రం ఉండదు. వరంగల్లు ప్రాంతపు చపాటా మిరప రంగుకు పేరుపొందినది, కారం తక్కువ. దానికి 2025లో భౌగోళిక గుర్తింపు లభించినది. కర్ణాటకలోని బ్యాడగి మిరప గుణమూ అటువంటిదే. గుంటూరు సన్నం ప్రసిద్ధి కారానికి. ఎరుపే కారమైతే ఈ భేదాలకు అర్థముండదు.

మరి అనుభవజ్ఞులు ఎండుమిరపనే ఘాటైనదిగా ఎందుకు తలుస్తారు? ఈ ప్రశ్నకు సమాధానం చిన్న లెక్కలో ఉన్నది. పచ్చిమిరప 100 గ్రాములలో సుమారు 85 గ్రాములు నీరే. ఎండిన కాయలో నీరు నూటికి పది వంతుల ప్రాంతంలో ఉంటుంది. కనుక ఆరు గ్రాముల తాజా కాయలోని సారం సుమారు ఒక గ్రాము ఎండుకాయలో ఇమిడిపోతుంది. ఘాటు పెరిగినట్లు తోచడానికి ముఖ్యకారణం ఎరుపు కాదు, నీరు పోవడం.

ఆ మాటలో సత్యాంశం లేకపోలేదు. విత్తనానికి, ఎండబెట్టి నిలువ చేయడానికి పండిన కాయే తగినది. ఇందుకై రైతు ఎరుపు కొరకు వేచి ఉండడం సరియైన పనే. తప్పు జరిగినది ముదురుకు గుర్తైన ఎరుపును కారానికి కొలతగా భావించడంలో.

మరొక సలహా: పచ్చికాయలను కోసి పండిన అరటిపండుతో కలిపి మూస్తే పండుతాయని. ఈ ఉపాయం ముదిరిన టమాటకు చెల్లుతుంది. అరటిపండు విడిచే ఇథిలిన్ వాయువు టమాటలో పండే క్రియను ఆరంభిస్తుంది. మిరపను శాస్త్రజ్ఞులు ఆ వర్గంలో చేర్చరు. ముదరని కాయను కోస్తే అది వడలుతుందే గాని చక్కగా పండదు. చెట్టున రంగు తిరగడం ఆరంభించిన కాయ మాత్రం కోసిన తరువాత కూడా ఎరుపెక్కగలదు. టమాటకు చెప్పిన పాఠాన్ని మిరపకు అప్పగించడం సరికాదు.

పెరటి సేద్యపు సలహాలలోను ఇదే లోపం. కాయ కొన నల్లబడితే సున్నమో, గ్రుడ్డు పెంకులో వేయమని చెబుతారు. మేళ్లచెరువు పరిసరాలు సున్నపురాతికి, సిమెంటు కర్మాగారాలకు పేరుపొందినవి. నేలలోనే సున్నం సమృద్ధిగా ఉన్నచోట మరికొంత కలిపితే ఇనుము వేళ్లకు అందక లేత ఆకులు పసుపుబారవచ్చు. ఒకరోజు ఎండగట్టి మరొకరోజు ముంచెత్తే నీటివరస వలన కాల్షియం కాయ కొనకు చేరదు, సరిచేయవలసినది అది. ఆకు ముడతకూ ఒకే మందు చెప్పడం పొరపాటు. ఆకు అంచులు పైకి ముడిస్తే తామర పురుగులను, క్రిందికి ముడిస్తే తెల్లనల్లిని అనుమానించాలి. మొదటిది పురుగు, రెండవది నల్లి. మందులు కూడా వేరు. పిచికారి చేయకముందు ఆకును త్రిప్పి చూడడం మొదటి పని.

ఎరుపును గుణానికి కొలతగా తీసుకొనడం వలన కలిగే హాని పెరటితో ఆగదు. కొనేవారి చూపు రంగుపై ఉన్నంతకాలం రంగు కలిపే వారికి లాభమే. 2003లో భారతదేశం నుండి యూరపు వెళ్లిన కారం ఉత్పత్తులలో సూడాన్ అనే పారిశ్రామిక రంగు బయటపడినది. అది ఆహారంలో నిషిద్ధం. దానిలోని ఒక రకం జంతువులలో క్యాన్సరు కలిగించగలదని పరీక్షలలో తేలినది. మరొకవైపు, రంగు చూసి మురిసి తడి ఆరని కాయలను మూటగడితే బూజుపట్టి, అఫ్లాటాక్సిన్ అనే విషం ఏర్పడే ప్రమాదమున్నది. దానికి రంగు, రుచి లేవు; కంటికి ఎర్రగా ఉన్న కారంలోనూ ఉండవచ్చు.

ప్రకృతి ఎరుపును, కారాన్ని రెండు పనులకు వినియోగించినట్లు కనిపిస్తుంది. ఎర్రని రంగు పక్షులను పిలుస్తుంది. కారం జంతువులను తరుముతుంది. కారం తగిలినపుడు నాలుకపై మంట పుట్టించే గ్రాహకాన్ని 1997లో డేవిడ్ జూలియస్ బృందం గుర్తించినది; ఆయనకు 2021లో నోబెల్ బహుమతిలో భాగం లభించినది. సుమారు 43 డిగ్రీల సెంటీగ్రేడు వేడికి స్పందించేదీ ఆ గ్రాహకమే. పక్షులలోని గ్రాహకం కాప్సైసిన్‌కు స్పందించదు. అందుచేతనే చిలుక పండుమిరపను హాయిగా తింటుంది, గింజలను దూరాన రాలుస్తుంది.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే పరీక్షింపవచ్చు. లేతకాయలు, ముదిరిన పచ్చికాయలు, రంగు తిరుగుతున్న కాయలు వేరువేరుగా ఉంచి, ప్రతి రకంలోను సగం కాయలను పండిన అరటిపండుతో కలిపి మూయాలి. ప్రక్కన ముదిరిన పచ్చి టమాటలను కూడా అట్లే రెండు విధాలుగా ఉంచి, పది రోజులు ప్రతిదినం రంగు వ్రాసుకొనవలెను. రుచి చూడడం ఈ పరీక్షలో భాగం కాదు. కాయలు ముట్టిన చేయి కంటికి తగలరాదు. పదవరోజున విద్యార్థి వ్రాసుకొన్న పట్టికయే పై మాటలలో ఏది నిలిచినదో, ఏది తేలిపోయినదో చెబుతుంది.