నొప్పి పోయినా అతకని ఎముక

నడుములో వెన్నుపూసలు అయిదు. ప్రతి పూసకూ వెనుక వైపు, పై కీలునూ కింది కీలునూ కలుపుతూ అటొకటి ఇటొకటి సన్నటి ఎముక వంతెనలుంటాయి. వైద్యులు వాటిని పార్స్ అంటారు. ఫాస్ట్ బౌలర్ నడుములో ఎముక చిట్లిందంటే చాలావరకు అక్కడే. పడిపోయినప్పుడో దెబ్బ తగిలినప్పుడో విరిగే రకం కాదిది. ఒకే చోట వేలసార్లు బరువు పడి పడి ఎముక అలిసిపోతుంది, వెంట్రుకంత గీత పడుతుంది. స్ట్రెస్ ఫ్రాక్చర్ అని క్రీడల పేజీలో తరచూ కనిపించేది ఇదే. జిమ్నాస్ట్‌లకూ వెయిట్‌లిఫ్టర్లకూ ఇది వస్తుంది కానీ, దీని తీరు బాగా అర్థమయ్యేది పేస్ బౌలింగ్‌లోనే.

కుడిచేతి పేసర్ బంతి వదిలే క్షణాన్ని స్లో మోషన్‌లో చూస్తే కారణం కళ్లకు కడుతుంది. రనప్‌లో కూడగట్టిన వేగమంతా ఎడమ కాలు క్రీజులో పడగానే ఆగిపోతుంది. అప్పుడు నేల ఎదురు తోసే బలం ఒంటి బరువుకు అయిదు రెట్లు, ఒక్కోసారి అంతకు మించి ఉంటుంది. అరవై కిలోల కుర్రాడైతే మూడు వందల కిలోల బరువన్నమాట. సరిగ్గా అప్పుడే నడుము వెనక్కి వంగుతుంది, ఎడమ పక్కకు ఒరుగుతుంది, మెలి కూడా తిరుగుతుంది. మూడూ ఒకేసారి జరగడంతో ఎడమ పార్స్ నలిగిపోతుంది. కుడిచేతి బౌలర్లకు నొప్పి ఎక్కువగా ఎడమ పక్క, ఎడమచేతి వాళ్లకు కుడి పక్క రావడం అందుకే. తుంటి ఒక వైపు ఉండి భుజాలు మరో వైపు తిరిగే మిక్స్‌డ్ యాక్షన్ ఉన్నవాళ్లకు ఈ ముప్పు ఇంకా పెరుగుతుంది.

ఎముక రాయిలాంటిది కాదు. దెబ్బతిన్న భాగాన్ని కొన్ని కణాలు తొలిచేస్తుంటే, ఇంకొన్ని అక్కడ కొత్త ఎముకను కడుతుంటాయి. తొలిచే పని త్వరగా అవుతుంది, కట్టే పని వారాలు పడుతుంది. రెండు నెలలు ఖాళీగా ఉండి ఒక్కసారిగా టోర్నమెంట్‌లో దిగిన బౌలర్‌లో ఈ రెంటికీ పొంతన తప్పుతుంది. పైగా నడుము ఎముక ఇరవై అయిదేళ్లు వచ్చేదాకా పూర్తిగా గట్టిపడదు. అసలు బాధంతా ఇక్కడే ఉంది. పదహారేళ్ల కుర్రాడు బడికి ఆడతాడు, అకాడమీకి ఆడతాడు, జిల్లా జట్టుకు ఆడతాడు. మూడు చోట్లా ముగ్గురు కోచ్‌లు. ఎవరి లెక్కలో చూసినా ఓవర్లు తక్కువే. ఆ మూడు లెక్కలనూ, నెట్స్‌లో వేసిన బంతులనూ కలిపి కూడేవాళ్లు మాత్రం ఉండరు.

మొదట్లో ఇది కండరం పట్టేసినట్టే ఉంటుంది. మ్యాచ్ అయిన సాయంత్రం బెల్టు కట్టుకునే చోట ఒక పక్కన సన్నగా నొప్పి. రెండు రోజుల్లో తగ్గుతుంది, మళ్లీ బౌలింగ్ మొదలుపెట్టగానే తిరగబెడుతుంది. స్ప్రే కొట్టి, నొప్పి మాత్ర వేసుకుని ఇంకో మ్యాచ్ ఆడేస్తారు. ఇలా చేయడం ప్రమాదం. కండరం పడితే రోజురోజుకూ నెమ్మదిస్తుంది. ఎముక నొప్పి బౌలింగ్ చేసిన ప్రతిసారీ వస్తుంది, వెనక్కి వంగితే పెరుగుతుంది, వేలు పెట్టి చూపించగలిగినంత చిన్న చోటులో ఉంటుంది. డిస్కు జారిన నొప్పి వేరు. అది ముందుకు వంగితేనో, కూర్చుంటేనో ఎక్కువవుతుంది, పిరుదు మీదుగా కాల్లోకి లాగుతుంది. అలాంటివి చాలావరకు కొన్ని వారాల్లో ఆపరేషన్ లేకుండానే కుదుటపడతాయి. మూత్రం మీద అదుపు తప్పినా, తొడల మధ్య మొద్దుబారినా మాత్రం ఆ రోజే ఆసుపత్రికి పరుగెత్తాలి.

పేసర్‌కు ఒక పక్క నొప్పి వచ్చి, ఎక్స్‌రేలో ఏమీ లేదని తేలినంత మాత్రాన ఊపిరి పీల్చుకోకూడదు. ఇలాంటి గీతలు ఎక్స్‌రేకు చిక్కకుండా తప్పించుకోవడం మామూలే. గీత పడకముందే ఎముక లోపల చేరిన వాపును ఎమ్మారై పట్టిస్తుంది. పగులు ఎంత దూరం వెళ్లిందో సీటీ స్కాన్ చూపిస్తుంది. వాపు దశలోనే దొరికితే ఎముక తిరిగి మామూలయ్యే అవకాశం చాలా ఎక్కువ. అంచులు నున్నగా మారిన పాత పగులైతే అతకడం కష్టం. రెండు పక్కలా విరిగితే పూస ముందుకు జరిగే ప్రమాదమూ ఉంటుంది.

చెయ్యో కాలో విరిగితే పుత్తూరు కట్టు కట్టించుకోవడం తెలుగువాళ్లకు తరాల అలవాటు. కండరాల అడుగున ఎక్కడో ఉన్న ఈ ఎముక దాకా బయటి కట్టు ఏదీ అందదు. 1973లో వెస్టిండీస్ పర్యటనలో నడుము ఎముకలు చిట్లిన ఆస్ట్రేలియా పేసర్ డెనిస్ లిల్లీకి మొండెం చుట్టూ ఆరు వారాలు ప్లాస్టర్ వేశారు. ఆ తర్వాత పశ్చిమ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్రాంక్ పైక్ దగ్గర నెలల తరబడి వ్యాయామం చేసి, 1974-75 యాషెస్‌లో 25 వికెట్లు తీశాడు. 355 టెస్టు వికెట్లతో రిటైరయ్యాడు. నిలబెట్టింది ప్లాస్టరా, ఆ నెలల ఓపికా అంటే ఓపికే అని ఇవాళ్టి వైద్యం చెబుతుంది. ఇప్పుడు ప్లాస్టర్ వేయరు, బౌలింగ్ ఆపిస్తారు. కనీసం మూడు నెలలు. మొదటి వారాల్లో పరుగు కూడా ఉండదు, నడకా ఈతా చాలు. విటమిన్ డి తక్కువుంటే సరిచేస్తారు. తర్వాత ప్లాంక్, సైడ్ ప్లాంక్, ఒంటికాలి మీద స్క్వాట్లు, తుంటి కండరాలకు బరువులు.

ఆరో వారానికి నొప్పి దాదాపు పోతుంది, ఎముక మాత్రం ఇంకా అతకదు. కుర్రాళ్లు మోసపోయేది ఈ వారాల్లోనే. నొప్పి లేదు కదా అని బంతి అందుకుంటే, సగం కట్టిన గోడ మీద బరువు పెట్టినట్టే.

ఎంత ఓపిక పట్టినా అతకని పగుళ్లకూ, మళ్లీ మళ్లీ విరిగేవాటికీ సర్జరీ ఉంది. రెండు ముక్కలనూ స్క్రూతోనో, స్క్రూలకు చుట్టిన టైటానియం తీగతోనో బిగిస్తారు. న్యూజిలాండ్ పేసర్ షేన్ బాండ్, ఆస్ట్రేలియా పేసర్ జేమ్స్ ప్యాటిన్సన్ నడుముకు ఆపరేషన్ చేయించుకుని తిరిగి వచ్చినవాళ్లే. జస్‌ప్రీత్ బుమ్రాకు 2019లో మొదటిసారి నడుము ఎముక చిట్లింది. 2022లో మళ్లీ నడుము గాయంతోనే టీ20 ప్రపంచకప్ పోయింది. 2023 జనవరిలో జట్టులోకి ఎంపికై, ఆడకుండానే తప్పుకోవలసి వచ్చింది. మార్చిలో న్యూజిలాండ్‌లో సర్జరీ అయింది. అప్పట్లో వీవీఎస్ లక్ష్మణ్ సారథ్యంలో ఉన్న బెంగళూరు జాతీయ క్రికెట్ అకాడమీలో కోలుకుని, ఆగస్టులో ఐర్లాండ్‌లో బంతి అందుకున్నాడు. మరుసటి ఏడాది టీ20 ప్రపంచకప్‌లో 15 వికెట్లు తీశాడు. 2025 జనవరిలో సిడ్నీ టెస్టులో వెన్ను మళ్లీ పట్టేసింది. అంతటి బౌలర్‌కే ఈ గాయం ఒక్కసారితో వదిలిపోలేదు.

ప్యాట్ కమిన్స్ కథ ఇంకా పొడవు. 2011 నవంబరులో 18 ఏళ్ల వయసులో జొహానెస్‌బర్గ్‌లో తొలి టెస్టు ఆడి మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ అయ్యాడు. మడమ గాయం, ఆ తర్వాత నడుము గాయాలతో రెండో టెస్టు 2017 మార్చిలో రాంచీలో ఆడాడు. ఆ అయిదేళ్లు తొందరపెట్టకుండా ఆగినందుకే ఆస్ట్రేలియాకు తర్వాత ఒక కెప్టెన్ దొరికాడు.

తిరిగి బౌలింగ్ మొదలుపెట్టడానికి ముందు చాలాచోట్ల ఇంకోసారి స్కాన్ తీస్తారు. మొదట నిలబడిన చోటు నుంచే పన్నెండు బంతులు, మధ్యలో ఒక రోజు విశ్రాంతి. ఆ తర్వాత నాలుగడుగుల రనప్, సగం రనప్, సగం వేగం. వారానికి ఎన్ని బంతులు వేశాడో నోట్‌బుక్‌లో రాస్తారు, ముందటి వారం కంటే కొద్దిగానే పెంచుతారు. మెత్తటి నేల మీద మొదలుపెట్టి, చివరికి గట్టి పిచ్ మీదికి వస్తారు. పూర్తి వేగంతో మ్యాచ్ ఆడేసరికి ఆరు నుంచి తొమ్మిది నెలలు పడుతుంది. అప్పుడు కూడా స్పెల్ అయిదారు ఓవర్లకు మించనివ్వరు. మర్నాడు పొద్దున మంచం దిగి, ఒంటికాలి మీద నిలబడి వెనక్కి వంగినప్పుడు ఆ పక్కన ఏమైనా తెలిసిందా అని ఫిజియో అడుగుతాడు. తెలిసిందంటే ఆ వారం నోట్‌బుక్‌లో అంకె సున్నా.