కనుగొనుట ఎవరి క్రియ?

కిందటి ఏడు మా కళాశాలలో వ్యాసరచన పోటీ పెట్టాం. విషయం నిర్ణయించినవాణ్ణి నేనే: ‘సాహస నావికులు’. కామారెడ్డి నుంచీ, చుట్టుపట్ల పల్లెల నుంచీ వచ్చే విద్యార్థులు నలభైకి పైగా వ్యాసాలు రాశారు. దాదాపు అన్నింటిలోనూ ఒకే వాక్యం. 1492లో కొలంబస్ అమెరికాను కనుగొన్నాడు. 1498లో వాస్కో డ గామా ఇండియాకు సముద్రమార్గం కనుగొన్నాడు. ఎల్లారెడ్డి దగ్గరి తండా నుంచి వచ్చే ఒక అమ్మాయి మాత్రం కాగితం తెల్లగా ఇచ్చింది. కారణం అడిగితే ఎదురు ప్రశ్న వేసింది: “ఆయన పోకముందు ఆడ మనుషులు లేరా సార్? ఉంటే, కనుగొన్నదేంది?”

“పరీక్షకు అట్లాగే రాయాలమ్మా” అని నేను తప్పించుకున్నాను. సాహిత్యం బోధించేవాడు, అందులోనూ అభ్యుదయవాదినని చెప్పుకునేవాడు, అట్లా తప్పించుకోగూడదు. ఆ ప్రశ్నకు ఆలస్యంగానైనా జవాబు చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

తెలుగువాళ్ళం గనుక మాటతోనే మొదలుపెడదాం. ‘కనుగొను’ అనే క్రియలో రెండు ధాతువులున్నాయి. ‘కను’ అంటే చూచుట. ‘కొను’ అంటే తీసుకొనుట. వ్యాకరణరీత్యా ఇక్కడ ‘కొను’ ఆత్మార్థంలో వచ్చిన అనుప్రయుక్తం. క్రియాఫలం కర్తకే చెందుతుందని చెబుతుంది. వ్యాకరణం చెప్పిన ఈ రహస్యాన్ని చరిత్ర అక్షరాలా నిజం చేసింది. ఓడ దిగినవాడు ముందు చూశాడు; తరువాత కొన్నాడు; ఆఖరుకు కొనకుండానే తీసుకున్నాడు. ఫలం యావత్తూ కర్తకే చెందింది. కర్మస్థానంలో ఉన్న మనుషుల ఊసు వాక్యంలో లేదు.

ఆ నావికుల సాహసాన్ని ఎవరూ కాదనరు. అయితే సాహసం దేనికోసమన్నది అడగాలి. తీరం చేరిన తొలి దినాలలోనే కొలంబస్ తన దినచర్యలో రాసుకున్నవి రెండు: ఆ ద్వీపవాసుల ముక్కులకున్న బంగారం, వారు మంచి సేవకులు కాగలరన్న అంచనా. రెండేళ్ళు తిరగకుండానే, 1494లో, స్పెయిన్, పోర్చుగల్ రాజులు తోర్దెసిల్లాస్ ఒడంబడికతో తాము చూడని లోకాన్ని కూడా గీత గీసి పంచుకున్నారు. హిస్పనియోలా ద్వీపంలోని తైనో జాతి అర్ధశతాబ్దంలోపే దాదాపు కనుమరుగైంది. కొత్త రోగాలు చాలామందిని చంపిన మాట నిజమే. కాని బంగారు గనుల వెట్టిలో నలిగిన శరీరాలను రోగం తేలికగా ఎత్తుకుపోయిందన్నదీ అంతే నిజం. ఇక వాస్కో డ గామా ‘కనుగొన్న’ దారిలో అప్పటికి ఎన్నో శతాబ్దాలుగా అరబ్బు, గుజరాతీ ఓడలు తిరుగుతూనే ఉన్నాయి. మలిందీ రేవులో ఎక్కించుకున్న సరంగు దారి చూపితేనే ఆయన కాలికట్ చేరాడు. రెండోసారి వచ్చినప్పుడు, 1502లో, మక్కా నుంచి తిరిగివస్తున్న యాత్రికుల ఓడను మనుషులతో సహా తగలబెట్టించాడు. మా పిల్లల వ్యాసాలలో ఆ ఓడ లేదు. పిల్లల తప్పేముంది? మేము చెప్పలేదు.

ఇదంతా ఎక్కడో జరిగిన కథ అనుకుంటే పొరపాటు. మన బందరు రేవు ఈ కథలో నడిమధ్యనే ఉంది. 1606లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా ఫర్మానాతో డచ్చివారు మచిలీపట్నంలో వర్తకస్థానం నెలకొల్పారు; 1611లో ఇంగ్లీషువారు దిగారు. వాళ్ళకు కావలసింది మన బట్ట. కాని ఆ బట్టలో చాలా భాగం ఐరోపాకు పోలేదు. లవంగాలు, జాజికాయ పండే తూర్పు దీవులలో ప్రజలు కోరమాండల్ బట్టకు మారుగానే సరుకు ఇచ్చేవారు. కోరమాండల్ నేత లేనిదే తమ సుగంధద్రవ్యాల వర్తకం సాగదని డచ్చి అధికారులు తొలి సంవత్సరాలలోనే గ్రహించారు. తెలుగు సాలెవాడు నేసిన చీర జాజికాయకు ధర అయింది.

ఆ జాజికాయ అప్పట్లో ప్రపంచం మొత్తంమీద బండా దీవులలోనే పండేది. ఆ ప్రజలు డచ్చివారికి మాత్రమే అమ్మాలనే నిబంధనకు తలవంచలేదు. 1621లో కంపెనీ గవర్నర్ జనరల్ కోయెన్ సైన్యంతో దిగాడు. సుమారు 15,000 మంది ఉన్న ఆ దీవులలో ఎక్కువమంది యుద్ధానికి, ఆకలికి బలయ్యారు; కొందరు పారిపోయారు, కొందరు బానిసలుగా తరలింపబడ్డారు; కొద్దివందల మంది మాత్రం మిగిలారు. ఖాళీ అయిన తోటలను డచ్చివారికి పంచి, బానిసలచేత సాగు చేయించారు. బానిసలను ఎక్కడినుంచి తేవాలి? కరువు వచ్చినప్పుడల్లా మన కోరమాండల్ తీరమే ఆ అంగడి అయింది. తిండిలేక తల్లిదండ్రులు అమ్ముకున్న బిడ్డలు, అప్పుకింద పోయిన కూలీలు వేలకొద్దీ డచ్చి ఓడలలో బటావియాకు, సింహళానికి, తూర్పు దీవులకు చేరారు. ఒకే రేవునుంచి నేసిన బట్టా పోయింది, నేసే మనిషీ పోయాడు. మార్క్స్ పెట్టుబడి ఆదిమ సంచయం అన్నది దీనినే. మనకు అది పుస్తకంలోని అధ్యాయం కాదు. సొంత రేవులో జరిగిన బేరం.

ఇక సాహిత్యం సంగతి. ఆ కాలపు ఐరోపా యాత్రికుల గ్రంథాలను మన చరిత్రకారులు ఆధారాలుగా వాడుకుంటారు. సాహిత్యంగా వాటిని చదివి, ఆ చూపు ఎవరిదని అడిగేవారు తక్కువ. బందరులో ఇంగ్లీషు కంపెనీ పెద్దగా పనిచేసిన మెత్వోల్డ్ గోల్కొండ రాజ్యపు వజ్రపు గని చూసి, అక్కడ 30,000 మంది పనిచేస్తున్నారని అంచనా కట్టాడు. కొల్లూరు గనిలో 60,000 మంది ఉన్నారనీ, మగవారు తవ్వితే ఆడవారూ పిల్లలూ మన్ను మోస్తారనీ తవెర్నియే రాశాడు. మరోచోట గనికూలీకి ఏడాదికి మూడు వరహాలే ముడుతున్నాయని కూడా రాశాడు. ఇవి మనకు అమూల్యమైన వాక్యాలు. కాని 1676లో పారిస్‌లో అచ్చయిన ఆ గ్రంథం యావత్తూ తిరగేయండి. రాతికి బరువుంది, నీరుంది, ధరుంది, కొలతలతో వేయించిన బొమ్మ ఉంది. రాయి తవ్విన మనిషికి దక్కినవి ఆ కొద్ది వాక్యాలే. రచయిత క్రూరుడు కానక్కరలేదు. ఫ్రాన్సు రాజు పదునాలుగవ లూయీకి వజ్రాలు అమ్మిన వర్తకుడికి కన్ను ఎక్కడ నిలుస్తుందో అక్కడే వాక్యమూ నిలుస్తుంది. శైలి వర్గదృష్టికి అతీతం కాదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

ఇక్కడ మన మిత్రులొకరు అనవచ్చు: తెల్లవాడే సకల పాపాలకూ మూలం, పూర్వం మన రాజ్యంలో అంతా సుభిక్షం, అని. ఈ మాట వినడానికి దేశభక్తిగా ఉంటుంది గాని విమర్శకు నిలవదు. వజ్రపు గనులను గుప్పిట పెట్టుకుని, సొంత ఓడలు నడిపిన మీర్ జుమ్లా గోల్కొండ మంత్రే. సాలెవానికి ముందస్తు పైకమిచ్చి మగ్గాన్ని కట్టేసిన దళారీ మనవాడే. కరువులో బిడ్డలను పోగుచేసి రేవుకు తోలినవారిలో మన తరగరులూ ఉన్నారు. ఓడ బయటినుంచి వచ్చింది; తలుపు లోపలినుంచి తెరుచుకుంది. ఈ సగం చెప్పకపోతే మనమూ ఒక జాతికి మరో జాతిని కర్మగా చేసే వాక్యమే రాస్తాం.

ఇప్పుడు ఆ అమ్మాయి దగ్గరకు వద్దాం. తవెర్నియే తన గ్రంథంలో మరొక దృశ్యం వర్ణించాడు. పది పన్నెండు వేల ఎద్దులతో ధాన్యం, బియ్యం, పప్పులు, ఉప్పు మోసుకుపోయే బిడారులు. ఇరుకుదారిలో ఎదురైతే అవి సాగిపోయేదాకా రెండు మూడు రోజులు ఆగవలసిందేనట. ఆ బిడారులు బంజారాలవి, మన లంబాడీలవి. దక్కను సేనలకూ, సంతలకూ తిండి చేరవేసిన జాతి అది. పంతొమ్మిదో శతాబ్దంలో రైలు వచ్చింది, ఉప్పు సర్కారు గుత్తాధిపత్యం కిందికి పోయింది, బిడారు ఆగిపోయింది. బతుకుతెరువు పోయినవారిని ఆదుకోవలసిన సర్కారు, 1871లో బ్రిటిష్ ఇండియాలో నేరస్థజాతుల చట్టం తెచ్చింది. పలుచోట్ల బంజారాలను దాని కిందికి చేర్చింది. ఆ చట్టం 1952లో గాని రద్దు కాలేదు. దారులన్నీ తెలిసిన జాతిని దారిదోపిడీ జాతిగా రాసిన కలమూ, అమెరికాను ‘కనుగొన్న’ కలమూ ఒకటే. ఆ బిడారుల వారసురాలు నా ఎదుట నిలిచి అడిగింది, ఆడ మనుషులు లేరా అని. ఆ ప్రశ్న ఆమెకు తట్టి నాకు తట్టకపోవడంలో వింత లేదు.

తాజమహలు రాళ్ళు మోసినవారెవరని శ్రీశ్రీ ‘దేశచరిత్రలు’లో అడిగిన తరువాత, ఆ ప్రశ్నను మనం ఎన్ని సభల్లోనో వల్లించాం. మన పాఠ్యపుస్తకాల వాక్యాలను, మనమిచ్చే వ్యాసవిషయాలను మాత్రం ఆ ప్రశ్న ముందు నిలబెట్టలేదు. విమర్శకుడి పని కావ్యాలతోనే ముగియదు. పిల్లలచేత పదేపదే రాయించే ఒక వాక్యంలో కర్త ఎవరు, కర్మ ఎవరు అని విడదీసి చూపడమూ విమర్శే.

వానకాలంలో కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి వైపు పోతే దారిపొడుగునా మక్కచేలు కనబడతాయి. వేల ఏళ్ళ క్రితం మెక్సికో ఆదివాసి రైతులు ఒక గడ్డిమొక్కను తరతరాలుగా సాకి మక్కకంకిని చేశారు. మన కారంలోని మిరప, మన పల్లి ఆ ఖండపు రైతులు సాధించినవే. నిజానికి కనుగొన్నవాళ్ళు వాళ్ళు. వాళ్ళ పంట మన పొలంలో ఉంది; వాళ్ళ ఊసు మన పాఠంలో లేదు.

ఈ ఏడు పోటీకి విషయం మార్చాం: ‘ఓడ వచ్చిననాడు ఒడ్డున ఉన్నవారు’. వ్యాసాలు తక్కువే వచ్చాయి. గైడుల్లో దొరికే విషయం కాదు మరి. తెల్లకాగితం ఇచ్చిన అమ్మాయి ఈసారి ఎనిమిది పుటలు రాసింది. అందులో ‘కనుగొన్నాడు’ అన్న మాట ఒక్కచోట కూడా లేదు.