మొగలాయి కథలు: హాస్యవిచారము

పూర్వపు మహబూబునగరు మండలమందలి ఇటికాలపాడు గ్రామస్థులగు సురవరము ప్రతాపరెడ్డిగారు (1896–1953) 1926లో గోలకొండ పత్రికను నెలకొల్పిరి. 1934లో 354 కవులతో గోలకొండ కవుల సంచికను వెలయించిరి. వారి ఆంధ్రుల సాంఘిక చరిత్రకు మరణానంతరము, 1955లో, సాహిత్య అకాడమీ పురస్కారము లభించెను. ఈ కీర్తిచాటున మొగలాయి కథలు మఱుగుపడుట విచారకరము.

వీనియందు ఉరుదూ పదములు మిక్కుటమని శాబ్దికు లాక్షేపింపవచ్చును. ‘గ్యారా కద్దూ బారా కొత్వాల్’ అను కథను గ్రహింతము. కాయలు పదునొకండు, కొత్వాళ్లు పన్నిద్దఱు! వస్తువులకంటె గ్రహీతల సంఖ్య మిక్కిలియగుటయే యిందలి హాస్యబీజము. దీనిని ‘ఏకాదశ కూష్మాండములు, ద్వాదశ దండపాలకులు’ అని మార్చినచో అర్థము నిలుచును గాని నవ్వు నశించును. నిజాము రాజ్యమున అధికారము పలికిన భాష యది. కావున నా పదములు పరివృత్తిని సహింపవు. శబ్దప్రాధాన్యమునకు ఆలంకారికుల కొలత యిదియే గదా!

భరతుడు వికృతవేషాదులను హాస్యవిభావములుగా జెప్పెను. ఇచట వికృతి వేషమున గాదు, అధికారమున. నవ్వు ముగిసినపిదప బీదవాని నష్టము మిగులును. కరుణము హాస్యవిరోధియే, అయినను అంగమైనచో విరోధము తొలగునని లాక్షణికులే యొప్పిరి. ఇందు కరుణ మట్లంగమై హాస్యమునకు బలమిచ్చుచున్నది. సాంఘిక చరిత్రమును జదువువారు ఈ కథలనుగూడ జేర్చి చదువవలయును: అందు దెలిసిన జనజీవన మిందు అనుభవమునకు వచ్చును.