గోమార్ల లెక్క

తిరునాళ్లలో బండలాగుడు పెడితే మా సీమలో జనం ఎద్దుల చుట్టూ మూగుతారు. మూపురం చూస్తారు, కాళ్ల కూర్పు చూస్తారు, పళ్లు చూసి వయసు కడతారు. నా చూపు మాత్రం చెవి లోపలికి, తోక మొదట్లోకి పోతుంది, గోమార్లు ఉన్నాయేమోనని. పక్కవాళ్లు నవ్వుతారు. నవ్వనీ.

ఒకే కొట్టంలో జెర్సీ సంకరం ఆవునూ ఒంగోలు ఆవునూ కట్టి చూడండి. వానలు పడ్డాక సంకరం ఆవు పొదుగు నిండా గోమార్లే. ఒంగోలు ఆవు మీద అక్కడొకటి, ఇక్కడొకటి. పొట్టి వెంట్రుకలు, నాకి దులుపుకునే అలవాటు కొంత కారణం. అసలు పని చర్మంలో జరుగుతుంది. కరిచిన చోట ఒళ్లు ఎదురు తిరిగేసరికి చాలా పిల్ల గోమార్లు రక్తం నిండా తాగకముందే రాలిపోతాయి.

ఈ గోమార్లలో హయలోమా జాతివి థైలీరియా జబ్బును మోసుకొస్తాయి. కడప బండలు పేర్చిన గోడల సందులే వాటికి ఇళ్లు. సందులు పూడ్చని కొట్టంలో మందు చల్లి లాభం తక్కువ. జబ్బు సోకితే సంకరం ఆవుకు 105, 106 డిగ్రీల జ్వరం, భుజం ముందు బిళ్ల కట్టడం, ఆపైన రక్తం పలచబడటం. బుపార్వాక్వోన్ సూది ఆలస్యమైతే ఆవు దక్కడం కష్టం.

నాటు ఆవుకు ఈ జబ్బు రాదని గొప్పలు చెప్పేవాళ్లున్నారు. వస్తుంది, కానీ తట్టుకుంటుంది. ఎడింబరో శాస్త్రవేత్తలు నాటు జాతి సాహివాల్, విదేశీ జాతి హోల్‌స్టీన్ దూడలకు థైలీరియా క్రిమిని ఎక్కించి చూసి 2005లో ఫలితాలు ప్రకటించారు. సాహివాల్ దూడలు మందు లేకుండానే కోలుకున్నాయి. హోల్‌స్టీన్ దూడలకు ప్రాణం మీదికొచ్చింది.

అలాగని సంకరం ఆవులు మానేయమనను. నాటు ఆవు ఇచ్చే రెండు లీటర్లతో ఇల్లు గడవదు. ఆస్ట్రేలియావాళ్లు క్వీన్స్‌ల్యాండ్‌లో 1960ల నుంచి ఫ్రీజియన్, సాహివాల్ కలిపి ఒక పాడి జాతిని తయారుచేశారు. పాలు కొలిచారు, ఒంటిమీద గోమార్లూ లెక్కపెట్టారు. రెంటిలోనూ నెగ్గినవాటినే సంతతికి ఉంచారు. మన ఒంగోలును బ్రెజిల్ నెలోర్ పేరుతో పెంచుకుంది, అక్కడి మాంసం మందల్లో సింహభాగం ఆ జాతిదే. మనం దాన్ని బండ లాగడానికి మెచ్చుకుంటూ కూర్చున్నాం.

ఆవుకు కృత్రిమ గర్భధారణ చేయడానికి గోపాలమిత్ర వచ్చినప్పుడు ఏ ఆబోతు వీర్యమో, అందులో విదేశీ రక్తం ఎంత శాతమో అడగండి. పాలు బాగా ఇస్తూ గోమార్లు తక్కువ పట్టే ఆవు మీ కొట్టంలో ఉంటే, దాని పెయ్యదూడను అమ్ముకోకండి.