తలుపు ఎటు తెరుచుకునేది?

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం ఉత్తరపు కొసన, క్యాల్యుమెట్ ఊళ్లో ఒక కమాను ఒంటరిగా నిలబడి ఉంటుంది. దాని వెనక గోడల్లేవు, మెట్లూ లేవు. అది ఇటాలియన్ హాలు గుమ్మం. 1913 డిసెంబర్ 24న, సమ్మెలో ఉన్న రాగి గని కార్మికుల పిల్లలకు మేడ మీద క్రిస్మస్ వేడుక జరుగుతుంటే ఎవరో ‘మంటలు’ అని అరిచారు. మంటా లేదు, పొగా లేదు. మెట్ల మీద తొక్కిసలాటలో 73 మంది పోయారు. వాళ్లలో ఎక్కువమంది పిల్లలు, ఎక్కువమంది ఫిన్లాండ్ నుంచి వలస వచ్చిన ఇళ్లవాళ్లు. ఆ హాలును 1984లో పడగొట్టారు.

కెన్ రాస్, లూయీ గాల్డియెరి తీసిన ‘1913 మాసకర్’ అనే డాక్యుమెంటరీకి ఆ పేరు జానపద గాయకుడు వుడీ గత్రీ పాట నుంచి వచ్చింది. కంపెనీ గూండాలు బయటినుంచి తలుపు బిగబట్టారని పాట చెబుతుంది. లోపలికి తెరుచుకునే తలుపుల వల్లే జనం ఇరుక్కుపోయారన్నది ఊళ్లో చాలాకాలం నిలిచిన మాట. కాదు, అవి బయటికే తెరుచుకునేవని తర్వాత వాదించినవాళ్లున్నారు. తలుపే మిగలని చోట కెమెరా దేన్ని చూపాలి? పాట వెంట బయల్దేరిన ఆ ఇద్దరూ ఊరివాళ్ల జ్ఞాపకాల దగ్గరికి వెళ్లారు. వలస చరిత్ర తీసేవాళ్లకు అదే అసలు పని. తీర్పు చెప్పడం కన్నా, ఎవరు దేన్ని ఎలా గుర్తు పెట్టుకున్నారో వినడం.

వినడం మాత్రం తేలిక కాదు. మూడు లక్షలకు పైగా ఫిన్నులు ఉత్తర అమెరికా చేరి, అక్కడ రెండు ముక్కలయ్యారు. చర్చి ఫిన్నులు ఒక వైపు, సమ్మెలు చేసిన ఎర్ర ఫిన్నులు ఇంకో వైపు. తాత ఎటువైపో ఇంట్లో పిల్లలకు కూడా చెప్పని కుటుంబాలుంటాయి. అలాంటి వంటింట్లోకి మైకు పట్టుకుని వెళ్లి వెంటనే ప్రశ్న వేస్తే కాఫీ మాత్రమే దొరుకుతుంది, కథ దొరకదు.

నార్తర్న్ మిషిగన్ యూనివర్సిటీలో సోషియాలజీ చెప్పిన మైకెల్ లౌకినెన్‌కు ఈ సంగతి తెలుసు. తనూ ఫిన్నిష్ మూలాలున్నవాడే. 1982 నాటి ‘ఫిన్నిష్ అమెరికన్ లైవ్స్’ అనే చిత్రంలో మూడు తరాలు కలిసి బతికే ఒక రైతు కుటుంబాన్ని ఎంచుకున్నాడు. తర్వాత జానపద కళాకారుల మీద, అడవుల్లో కలప కొట్టిన వాళ్ల మీద కూడా తీశాడు. చేతులు పనిలో ఉన్నప్పుడు నోరు తెరుచుకుంటుందన్నది ఈ తరహా చిత్రాల కిటుకు.

ఆవిరి స్నానం చేసే సౌనా గది సంగతి వేరు. గడ్డకట్టే చలిలోంచి లోపలికి అడుగు పెట్టగానే లెన్స్ మీద తెల్లటి తెర కమ్ముతుంది. కెమెరా మెల్లగా వేడెక్కేదాకా ఆగాల్సిందే. కాలిన రాళ్ల మీద నీళ్లు చల్లితే ‘చుయ్’మని లేచే ఆవిరిని ఫిన్నులు ‘లోయ్‌లూ’ అంటారు. చిత్రంలో దాన్ని చూపడం కష్టం, వినిపించడం సులువు. అయినా సౌనా, రొట్టె, అకార్డియన్ చూపించి సమ్మె ఊసెత్తని చిత్రాలు నాకు అంతగా నచ్చవు. పండుగ ఫొటోల్లా ఉంటాయి.

సబ్‌టైటిల్స్‌తో ఇంకో చిక్కు. వలస ఫిన్నులు ఇంగ్లీషు మాటలకు చివర అచ్చు తగిలించి సొంతం చేసుకున్నారు. కారు ‘కారా’ అయింది, మైన్ (గని) ‘మైని’, హాలు ‘హాలి’. మాటను అచ్చుతో ముగించకపోతే తోచని మనకు ఇది వేరే చెప్పక్కర్లేదు. కింద ఇంగ్లీషు అక్షరాలు పడగానే ఆ రుచి పోతుంది. మిషిగన్‌లోని మార్కెట్ (Marquette) ఊరి టీవీ స్టేషన్‌లో 1962 నుంచి 2015 దాకా కార్ల్ పెలోన్‌పా నడిపిన ‘సుఓమి కుట్సూ’ (‘ఫిన్లాండ్ పిలుస్తోంది’) కార్యక్రమం మాత్రం ఫిన్నిష్ భాషను ప్రతివారం ఇళ్లలోకి తెచ్చింది.

కెనడాలో చిత్ర దర్శకురాలు కెల్లీ సాక్స్‌బర్గ్ ఉత్తరాలను ఆధారం చేసుకుంది. 1930ల మొదట్లో ఉత్తర అమెరికా నుంచి వేలమంది ఫిన్నులు సోషలిస్టు కలతో సోవియట్ కరేలియాకు వెళ్లారు. వాళ్లలో ఆటే పిట్కానెన్ ఒకడు. 1942లో ఫిన్లాండ్ సైన్యం అతన్ని కాల్చి చంపింది. అతను రాసిన ఉత్తరాలే ‘లెటర్స్ ఫ్రమ్ కరేలియా’ చిత్రానికి ఆధారం.

కెనడాలోని థండర్ బేలో 1910లో కట్టిన ఫిన్నిష్ లేబర్ టెంపుల్ అనే హాలు కథను కూడా ఆమె 2011లో ‘అండర్ ద రెడ్ స్టార్’గా తీసింది. పదేళ్లకు, 2021 డిసెంబర్‌లో, క్రిస్మస్ రోజుల్లోనే ఆ హాలు తగలబడింది. ఈసారి మంటలు నిజంగానే వచ్చాయి.